మా ఆయన కోసం

తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఒక్కసారి విదిలించి, అంచు సరిచూసి, రోలరు నోటికి అందించాలి. అందించిన మరుక్షణం వేళ్ళు వెనక్కి తీసుకోవాలి. కాలే ఇనప డ్రమ్ము దుప్పటిని మెల్లగా లోపలికి లాక్కుంటుంది. అటువైపు అది ఆవిర్లు కక్కుతూ కొత్త కాగితంలా బయటికొస్తుంది. హోటలు నేలమాళిగలో ఉన్న ఆ లాండ్రీలో, కూతురు పలక పట్టిన ఏటి నుంచి ఆమె ఇదే పని చేస్తోంది. కళ్ళు మూసుకుని కూడా చేస్తానని ఒకప్పుడు గొప్పలు పోయేది. ఇవాళ కళ్ళు విప్పార్చుకుని చూస్తున్నా అంచుకి అంచు కలవడం లేదు.

వేళ్ళు వణుకుతున్నాయి. దుప్పటి బరువుకి వణుకుతున్నట్టు కనిపించాలని ఆమె మోచేతులు డొక్కలకి ఆనించి పట్టుకుంది. రోజూ ఈపాటికి గంజిపొడి డబ్బాల వెనక దాచిన సీసాలోంచి రెండు గుక్కలు లోపలికి పోయి ఉండేవి. రెండు గుక్కలు పడితే వేళ్ళు బుద్ధిమంతుల్లా మాట వింటాయి. నిన్న సాయంత్రం నుంచి ఏమీ పడలేదు. మెడ వెనక నుంచి చెమట కారుతోంది. లాండ్రీలో అందరికీ చెమటే కాబట్టి అది ఆవిరి చెమటా, ఇంకో చెమటా అని ఎవరూ అడగరు. ఆమెది మాత్రం చల్లగా ఉంది.

అవతలి కొస పట్టుకున్న కళ్ళజోడామె అద్దాలు పైటతో తుడుచుకుని, "అక్కా, నీ వైపు దిగిపోతోంది" అంది.

"తెలుసు."

తెలుసు గానీ చేతులకి తెలియడం లేదు. ఆమె తన కొసని పైకి లాగింది. లాగడంలో బొటనవేలు మడతలో చిక్కుకుంది. రోలరు మడతతో పాటు వేలినీ మర్యాదగా లోపలికి రమ్మంది. అరవాలని కూడా ఆమెకి తోచలేదు. వేడి గోరు దాకా వచ్చి, చర్మాన్ని తాకీ తాకక ముందే ఎర్ర మీట టక్కుమంది. డ్రమ్ము ఆగింది. కళ్ళజోడామె రోలరు ముందు బల్ల చుట్టూ తిరిగి రాకుండా, మీద నుంచే సగం పాకి కొట్టిన మీట అది. అద్దాలు కింద పడ్డాయి.

మేస్త్రి గాజుగదిలోంచి తల బయటికి పెట్టాడు. "ఏమైందక్కడ?"

"దుప్పటి మడత పడింది మేస్త్రీ" అంది కళ్ళజోడామె, నేల మీద అద్దాలు తడుముకుంటూ.

మేస్త్రి వచ్చి దుప్పటిని చూడలేదు. ఆమె చేతుల్ని చూశాడు. ఆమె వాటిని తడి గుడ్డలో దూర్చింది. "దుప్పట్లక్కా, గలీబులు మడతపెట్టే బల్ల దగ్గరికి పో. ఇవాళ్టికి రోలరు ముట్టుకోకు" అన్నాడు. అక్కడ ఆమె పేరు ఎవరికీ గుర్తులేదు. దుప్పట్లక్క అంటే దుప్పట్లక్కే. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, కాస్త గొంతు తగ్గించి, "ఇంకోసారి మడత పడితే నేనేం చెయ్యలేను" అన్నాడు. ఆ మాట దుప్పటి గురించి కాదని ముగ్గురికీ తెలుసు.

దిండు గలీబులు మడవడం చిన్నపిల్లల పని. ఆమె నిలబడి మడుస్తూ ఉండగా, కాసేపటికి కళ్ళజోడామె ఒక బుట్టెడు గలీబులు తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. కుమ్మరించి వెళ్ళకుండా తనూ ఒకటి తీసుకుని మడవసాగింది.

"గ్రంథాలయం మేడ మీద సాయంత్రాలు కొంతమంది కూడతారట" అంది, గలీబునే చూస్తూ. "తాగి తాగి మానుకున్నవాళ్ళూ, మానుకోవాలనుకునేవాళ్ళూ. ఒకళ్ళ కష్టం ఒకళ్ళు చెప్పుకుంటారట. మా పెద్దన్నయ్య వెళ్ళేవాడు. వెళ్ళాకే మళ్ళీ మనిషయ్యాడు. వారానికోసారి. ఇవాళే."

"నాకెందుకు చెబుతున్నావు?"

"ఊరికే. ఇంత చప్పుడులో ఏదో ఒకటి మాట్లాడాలి కదా."

ఆమె బొటనవేలు నోట్లో పెట్టుకుంది. వేలికి గంజి రుచి ఉంది.

*

మొన్నటి సంగతి గురించి కూతురు ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలిగ్గా ఉండేది.

అల్లుడు ఊళ్ళు తిరిగే లారీ ఉద్యోగంలో ఉన్నంతకాలం కూతురూ, మనవరాలూ ఆమె దగ్గరే ఉండే ఏర్పాటు. రెండు గదుల ఇల్లు, వెనక చిన్న వసారా. కూతురు బట్టల కొట్లో పనికి వెళితే, మధ్యాహ్నం షిఫ్టు లేని రోజుల్లో పాపని ఆమె చూసుకునేది. మొన్న పాప పాలడిగింది. ఆమె గిన్నె పొయ్యి మీద పెట్టింది. పాలు కాగేలోగా ఒక్క గుక్క అనుకుంది. ఒక్క గుక్క ఏనాడూ ఒక్కటిగా ఉండలేదు. పాప పాలడిగి అడిగి, ఆమె పక్కనే ముడుచుకుని నిద్రపోయింది. పాలు పొంగి మంటని ఆర్పేశాయి. గ్యాసు వస్తూనే ఉంది.

కూతురు తలుపు తెరిచి, ఆ వాసనకి గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టి లోపలికి వచ్చింది. కిటికీలు తెరిచింది. పొయ్యి కట్టేసింది. పాపని భుజాన వేసుకుని బయటికి పరిగెత్తింది. తరవాత మళ్ళీ వెనక్కి వచ్చి, తల్లి చంకల కింద చేతులు వేసి వసారాలోకి ఈడ్చుకొచ్చింది. ఆమెకి ఇదంతా నీళ్ళ అడుగు నుంచి చూసినట్టు గుర్తుంది. ఒక్కటి మాత్రం స్పష్టంగా గుర్తుంది. పాపని తీసుకెళ్ళడానికీ, తన కోసం వెనక్కి రావడానికీ మధ్య కూతురు గుమ్మంలో నిలబడి ఆలోచించిన ఆ కాస్త సేపు.

ఇవాళ పొద్దున కూతురు పాప జుట్టు దువ్వుతూ గోడకి చెప్పినట్టు చెప్పింది. "ఆయన నది అవతల గది చూశారు. చీకటి పడకముందే వెళ్ళిపోతాం. నువ్వు పని నుంచి తిన్నగా వస్తే పాపని చూడొచ్చు."

తిన్నగా అన్న మాట మీద నొక్కిందో, నొక్కినట్టు తనకి వినిపించిందో.

మానేస్తాను, రేపట్నించి మానేస్తాను అనే మాట ఆమె నోటి చివరిదాకా వచ్చింది. ఆ మాట ఆ ఇంట్లో అరిగిపోయిన చీపురుకట్ట. దానితో ఊడిస్తే ఇంకాస్త చెత్త రాలుతుంది తప్ప ఇల్లు బాగుపడదు. ఆమె నోరు మూసుకుని, చెప్పులు వేసుకుని వచ్చేసింది.

*

షిఫ్టు అయ్యాక నేలమాళిగ మెట్లెక్కి వీధిలోకి వచ్చేసరికి ఎండ పచ్చబడుతోంది. కుడివైపు వెళితే ఇల్లు. ఎడమవైపు గ్రంథాలయం. రెండూ ఒకే సాయంత్రంలో ఇమడవు.

ఇంటికి వెళ్ళడమంటే ఏమిటో ఆమెకి తెలుసు. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది. ఏడుస్తుంది. పాప భయపడుతుంది. కూతురు పాపని లాక్కుంటుంది. తలుపు మూసుకుంటుంది. ఆ తరవాత ఆ రెండు గదుల్లో తనూ, గోడలూ, బియ్యపు డబ్బా వెనక ఉన్న సీసా. వెళ్ళకపోతే? తల్లి చివరి రోజు కూడా కొట్టు దగ్గరే ఆగిపోయిందని కూతురు అనుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గోడ నీడలో నిలబడి ఫోను చేసింది.

"ఎక్కడున్నావమ్మా?"

"పని అయింది. నేను... ఒక చోటికి వెళ్ళొస్తాను."

అవతల పాప ఏదో పాడుతోంది. పెట్టె జిప్పు లాగిన చప్పుడు.

"సరే" అంది కూతురు.

"అది కాదే, నేను వెళ్ళేది..."

"సరే అన్నాను కదమ్మా. పాప అన్నం తినాలి. పెట్టేస్తున్నాను."

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. ఇన్నేళ్ళు కల్లే తాగి, ఇవాళొక్కరోజు పాలు అంటే నమ్మమనడానికి తనకి ముఖమేదీ? ఆమె ఫోను చేతిసంచిలో వేసి, కాళ్ళు మనసు మార్చుకోకముందే ఎడమవైపు తిరిగింది.

గ్రంథాలయం తలుపుకి తాళం ఉంది. గోడల చుట్టూ వెదురు కర్రలు కట్టి, సగానికి సున్నం గీకి వదిలేశారు. మేడ మీది కిటికీలకి రెక్కలు కూడా లేవు. ఆమె తాళాన్ని ఒకసారి లాగి చూసింది. లోపలెక్కడో చిన్న సంతోషం లాంటిది కదిలింది. వచ్చాను, ఇక్కడ ఎవరూ లేరు, నా తప్పేం లేదు అని చెప్పే సంతోషం. అది తనకి బాగా తెలిసిన సంతోషమే. దాని వెనకే దాహం వస్తుంది. వచ్చింది కూడా. నాలుక అట్టకట్టుకుపోయింది.

ఎదురుగా మందుల కొట్టు. ఎందుకు దాటిందో తెలియకుండానే రోడ్డు దాటింది.

"ఆ మేడ మీద... తాగుడు మానుకునేవాళ్ళ మీటింగు జరిగేదట కదండీ. ఎక్కడికి మార్చారో తెలుసా?"

కొట్టతను చీటీల గుత్తిలోంచి తలెత్తి చూశాడు. పక్కన దగ్గు మందు కోసం నిలబడ్డ ఇద్దరు కూడా చూశారు. ఆమె నోరు ఆమెని అడగకుండానే పని కానిచ్చేసింది.

"మా ఆయన కోసం."

వెంటనే మూడు ముఖాల్లోనూ జాలి వచ్చేసింది. దగ్గు మందు ముసలాయన అయ్యో అన్నాడు కూడా. కొట్టతను బల్ల మీదికి వంగి, "మందు మాన్పించే మందు ఇవ్వమని రోజుకొకరు వస్తారమ్మా. మా దగ్గర లేదు, ఉంటే నేనే కోటీశ్వరుణ్ణి" అని, తన హాస్యానికి తనే కొంచెం సిగ్గుపడి, "వడ్రంగి ఒకాయన ఉన్నాడు. మేడ మరమ్మతులు మొదలయ్యాక వాళ్ళు ఆయన కొట్లోనే కూర్చుంటున్నారు. ఇటే తిన్నగా వెళ్ళి, సారా కొట్టు పక్క సందులోకి తిరగండి. గుర్తుగా సారా కొట్టు చెప్పానని ఏమీ అనుకోకండి. మీ ఆయనకి ఆ దారి బాగానే తెలిసుంటుంది" అన్నాడు.

మీ ఆయన. ఆ మాటకి ఆమె చెవులు వేడెక్కాయి.

ఆయన పురపాలకం నీళ్ళ టాంకు దగ్గర వాల్వులు తిప్పేవాడు. పొద్దుటిపూట ఏ వీధికి నీళ్ళు వదలాలో, ఏ వీధికి కట్టాలో ఆయనకి కంఠతా వచ్చు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండేవాడు. పెళ్ళిళ్ళలో ఎవరైనా సోడా ఇస్తే మూత దగ్గర ముక్కు పెట్టి చూసుకుని మరీ తాగేవాడు. స్నేహితులు నీళ్ళయ్య అని ఏడిపించేవాళ్ళు. అలాంటి మనిషి ఒకరోజు టాంకు మెట్ల మీద కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటుంది లోకం. ఆయన విషయంలో అది కూడా తిరగబడింది. బతికుండగా చుక్క ముట్టని మనిషి, పోయాక నాలుగు వీధుల్లో పేరుమోసిన తాగుబోతయ్యాడు. ఆమె చేసిన నిర్వాకం అది.

*

సారా కొట్టు ముందు దీపం అప్పుడే వెలిగించారు. కటకటాల వెనక బట్టతల కొట్టాయన ఆమెని దూరం నుంచే చూశాడు. చూసి, ఆమె అడగకముందే వెనక్కి తిరిగి, కింది అరలోంచి ఎప్పుడూ తీసుకునేదే తీసి, పాత కాగితంలో చుట్టడం మొదలుపెట్టాడు. ఆయన చేతులు ఎంత నెమ్మదిగా, ఎంత నమ్మకంగా చుడుతున్నాయో చూస్తూ ఆమె నిలబడిపోయింది. ఆ కాగితం గరగర ఆమెకి వెన్నులో వినిపించింది.

సందు ఆ కొట్టు పక్కనే ఉంది. కటకటాల ముందు నుంచి నడవకుండా అందులోకి వెళ్ళే దారి లేదు.

"రెండు రోజులుగా రాలేదేంటమ్మా" అన్నాడు కొట్టాయన, పొట్లం కటకటాల సందులోంచి బయటికి పెడుతూ. ఆ గొంతులో వ్యాపారం లేదు, నిజమైన ఆదుర్దాయే. "మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?"

పొట్లం ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. ఆమె చేయి లేచింది. లేచిన చేతిని ఆమె ఇంకెవరిదో చూసినట్టు చూసింది. గోరు దగ్గర ఎర్రగా కందిన బొటనవేలు. ఒక్క గుక్క. ఒక్క గుక్క పడితే వణుకు ఆగుతుంది, వణుకు ఆగితే ఆ గదిలోకి మర్యాదగా నడిచి వెళ్ళొచ్చు, మాట తడబడకుండా మాట్లాడొచ్చు. మానుకోవడానికి వెళ్ళాలన్నా ముందు తాగాలి. ఆ లెక్క ఆ క్షణాన ఎంత సబబుగా తోచిందంటే, ఆమె వేళ్ళు కాగితాన్ని తాకాయి కూడా.

వెనక నుంచి ఒక కూలీ, "తీసుకుంటే తీసుకోవమ్మా, లేకపోతే తప్పుకో. మా ప్రాణాలు పోతున్నాయిక్కడ" అన్నాడు.

"మీరు తీసుకోండి" అంది ఆమె. పక్కకి తప్పుకుంది. తప్పుకున్న ఊపులోనే సందులోకి తిరిగింది. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసి, అక్కడ వంగి వాంతి చేసుకుంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కాబట్టి చేదు నీళ్ళే వచ్చాయి. కొట్టాయన వెనక నుంచి, "అమ్మా, పొట్లం!" అని పిలుస్తూనే ఉన్నాడు.

*

వడ్రంగి కొట్టు తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చెక్కపొట్టు వాసన. గోడల వెంట పలకలు, కాళ్ళు లేని మంచాలు, రెక్కలు లేని అలమరాలు. మధ్యలో జాగా చేసి గుండ్రంగా కుర్చీలు వేశారు. ఏ రెండు కుర్చీలూ ఒక జాతివి కావు. ఒకదానికి ఇంకా రంగు పడలేదు, ఒకదానికి వీపు లేదు. ఏడెనిమిది మంది మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. తలుపు దగ్గర చేతుల మీద తెల్లటి పొట్టుతో పెద్దాయన ఒకాయన నిలబడ్డాడు. ఆయనే వడ్రంగి.

"ఎవరి కోసమమ్మా?"

నిజం చెప్పడానికే ఆమె ఇంత దూరం వచ్చింది. అయినా ఇన్నేళ్ళ అలవాటు ముందు నడిచింది.

"మా ఆయన కోసం."

"ఆయన రాలేదా?"

"రాలేరు."

"పర్లేదు. మొదట ఇంటివాళ్ళే వస్తారు చాలాసార్లు. వచ్చి వినండి. అదిగో, గోడ పక్కన ఆ బల్ల ఇంటివాళ్ళ కోసమే."

ఆమె గోడ పక్కన కూర్చుంది. అక్కడ ఇంకెవరూ లేరు. మాట్లాడుతున్నవాడు లెక్కల మాస్టారట. జేబు దగ్గర చొక్కాకి సుద్దముక్క మరక. "బోర్డు మీద కూడిక తప్పు చేశాను" అంటున్నాడు. "రెండు సార్లు చెరిపి రెండు సార్లు తప్పే వేశాను. ఒక్క పిల్ల కూడా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. వాళ్ళకి అప్పటికే తెలుసు. నా ఒక్కడికే తెలియనట్టు నేను నటిస్తున్నాను." అంతే చెప్పి కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఓదార్చలేదు. పక్కాయన కాస్త జరిగి మాస్టారు మోచేతికి చోటిచ్చాడు.

వడ్రంగి భార్య టీ తెచ్చింది. ఆమె గ్లాసులోకి చూసింది. సగమే ఉంది. అందరి గ్లాసుల్లోనూ సగమే.

"ఇక్కడ సగమే పోస్తాం" అంది వడ్రంగి భార్య చిన్నగా. "వణికే చేతికి నిండు గ్లాసు ఇవ్వకూడదు కదా. కావాలంటే మళ్ళీ పోస్తాను."

ఆమె గ్లాసు అందుకుంది. సగం టీ గ్లాసు గోడలకి ఇటూ అటూ కొట్టుకుంది గానీ బయటికి చిందలేదు. వడ్రంగి భార్య ఆ చేతిని చూసి, చూపు తిప్పుకోకుండా, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

"మీరేమైనా చెబుతారా అమ్మా?" అన్నాడు వడ్రంగి. "మీ ఆయన ఎంతకాలంగా తాగుతున్నారు?"

అందరూ ఆమె వైపు తిరిగారు. జాలి ముఖాలు. మందుల కొట్లో చూసినవే. ఆ జాలిని ఇంకొక్కసారి ఒళ్ళో వేసుకుని ఇంటికి పోవచ్చు. పైగా ఇప్పుడు వెళితే పాప ఇంకా ఉండొచ్చు. ఆమె లేవబోయింది. లేచి నిలబడ్డాక మోకాళ్ళు తలుపు వైపు తిరగలేదు.

"మా ఆయన పోయి చాలా కాలమైంది" అంది.

గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంది.

"ఆయన జన్మలో చుక్క ముట్టుకోలేదండీ. సోడా కూడా అనుమానంగానే తాగేవాడు. ఆయన ఉండగానే మొదలుపెట్టాను నేను. కాళ్ళ నొప్పులని, నిద్ర పట్టడం లేదని. కొట్లో అడిగితే మా ఆయన కోసం అనేదాన్ని. ఆయన పోయాక కూడా అలాగే అన్నాను. ఆ కొట్టాయన ఇప్పుడు కూడా ఆయన ఒంట్లో ఎలా ఉందని అడిగాడు." నవ్వు లాంటిదేదో ఆమె నోట్లోంచి వచ్చి మధ్యలో విరిగింది. "మా ఆయనకి తెలుసు. ఏనాడూ అడగలేదు. రాత్రి పడుకోబోయే ముందు నా తలాపున చెంబుతో నీళ్ళు పెట్టేవాడు. పొద్దున నాలుక ఎండిపోతుందని. అంతే చేసేవాడు. ఆయన మీద పెట్టేశానండీ ఇదంతా. తాగేది నేను."

గ్లాసు కింద పెట్టాలని చూసింది. బల్ల అంచు దొరకలేదు. మాస్టారు లేచి వచ్చి గ్లాసు అందుకున్నాడు.

"మొన్న పాలు పొయ్యి మీద పెట్టి పడుకున్నాను. మనవరాలు నా పక్కనే ఉంది. గ్యాసు..." అక్కడ మాట ఆగిపోయింది. మిగతాది చెప్పకుండానే ఆ గదిలోవాళ్ళకి తెలిసినట్టుంది. మూల కూర్చున్న ఒకాయన ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

వడ్రంగి లేచాడు. గుండ్రంగా ఉన్న కుర్చీల మధ్య రంగు పడని కుర్చీని ముందుకు లాగి, అరచేత్తో దాని మీది పొట్టు తుడిచాడు.

"ఆ బల్ల ఇంటివాళ్ళది. ఇటొచ్చి కూర్చో చెల్లెమ్మా."

అప్పటిదాకా అమ్మా, మీరూ అన్న మనిషి. ఆమె వెళ్ళి కూర్చుంది. కుర్చీ ఒక కాలు కాస్త పొట్టి. అటూ ఇటూ ఊగింది. ఆమెతో పాటే ఊగుతోంది కాబట్టి ఆమె వణుకు ఎవరికీ వేరుగా తెలియలేదు.

అందరూ లేవబోయే ముందు వడ్రంగి భార్య ఆమె దగ్గరికొచ్చి, "ఉన్నపళంగా ఆపేస్తే ఒళ్ళు తిరగబడుతుంది. ప్రాణం మీదికి వస్తుంది కూడా. రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి నేను తీసుకెళతాను. ఇవాళ ఒంటరిగా పడుకోకు. ఇంట్లో ఎవరున్నారు?" అంది.

ఆమె బయటికి చూసింది. సందులో చీకటి పడిపోయింది.

"పక్కింటి పిన్నిగారున్నారు" అంది.

"ఆవిడకి చెప్పి, నీ దగ్గర పడుకోమను. ఏమని చెబుతావు?"

"నా కోసమే అని చెబుతాను" అంది ఆమె.

*

పక్కింటి పిన్నిగారు గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. తాళంచెవి కొంగున ముడివేసుకుని ఉంది. అలవాటు ప్రకారం ఆమెకి రెండు అడుగుల దూరంలో ఆగి, గాలి పీల్చి చూసి, ఏమీ తగలక మరో అడుగు దగ్గరికి వచ్చింది.

"వెళ్ళిపోయారే. మీ అమ్మాయి చాలాసేపు వీధి చివరకి చూస్తూ నిలబడింది. అల్లుడు బండి తెచ్చి తొందరపెట్టాడు. పాప భుజాన నిద్రపోయింది. లేపితే ఏడుస్తుందని లేపలేదు." తాళంచెవి ముడి విప్పుతూ, "ఎక్కడికెళ్ళావే ఇంతసేపు?" అంది.

ఆమె చెప్పింది. గుమ్మంలో నిలబడి, రెండు మాటల్లో, దాచకుండా చెప్పింది. చెప్పి, "ఇవాళ నా దగ్గర పడుకుంటావా పిన్నీ?" అని అడిగింది.

పిన్నిగారు ఆమెని ఎగాదిగా చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. "చాప తెచ్చుకుంటాను" అంది.

ఆమె తలుపు తీసింది. దీపం వేసింది. గది ఊడ్చి ఉంది. అలమరలో కింది అర ఖాళీ. గోడ మీద పాప పెన్సిలుతో గీసిన గీతలు మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేనివి కాబట్టి ఉన్నాయి. బియ్యపు డబ్బా వెనక సీసా ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. పిన్నిగారు వచ్చాక ఆవిడ చేతే పారబోయించాలనుకుంది. ముట్టుకుంటే ఏమవుతుందో తన చేతుల గురించి తనకి తెలుసు.

ఫోను తీసింది. కూతురి పేరు మీద వేలు ఆగింది. ఇప్పుడు చెబితే అదీ ఇంకో మాటే అవుతుంది. ఫోను పక్కన పెట్టి, ముఖం కడుక్కుందామని వెనక వసారా తలుపు తీసింది.

సాయంత్రం పాప అన్నం ఒంటి మీద ఒలకబోసుకుని ఉంటుంది. కూతురు అప్పటికప్పుడు ఉతికి ఉంటుంది. బయల్దేరేవేళకి ఆరక, పెట్టెలో పెట్టలేక వదిలేసి ఉంటుంది. ఖాళీ తీగ మీద ఒక్కటే, రెండు క్లిప్పులతో, పాప పసుప్పచ్చ గౌను వేలాడుతోంది. దాని అంచు నుంచి నీరు ఆగి ఆగి కింది రాతి మీద పడుతోంది.